నేల వాటం

మా ల్యాబులో రోబోకి పని ఒకటే. గుమ్మం దగ్గర నేల మీద అంటించిన ఎర్ర టేపు నుంచి బయలుదేరి, నాలుగు మీటర్లు తిన్నగా వెళ్లి, కిటికీ కింద ఉన్న ఇంకో ఎర్ర టేపు మీద ఆగాలి. మనిషైతే దీనికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. రోబోకి మాత్రం రెండు మోటార్లు, రెండు చక్రాలు, ముందు గోళీ లాంటి ఇంకో బుల్లి చక్రం, ఒక బ్యాటరీ, ముగ్గురు విద్యార్థులు, ఒక రికార్డు పుస్తకం కావాలి.

అసలు రోబోని ముట్టుకునే ముందు విద్యార్థులు దాన్ని కంప్యూటర్లో నడపాలి. కంప్యూటర్లో అచ్చం మా ల్యాబు లాంటి గదే ఉంటుంది. దాన్ని సిమ్యులేషన్ అంటారు. మా శాఖాధిపతి ఎనిమిదేళ్ల క్రితం ఒక వేసవి సెలవులన్నీ టేపు పట్టుకుని ఈ గది కొలిచి, ఆ గది తయారుచేశారు. కిటికీకి తొమ్మిది ఊచలుంటే అందులోనూ తొమ్మిదే. స్విచ్ బోర్డు ఉంది. నోటీసు బోర్డు ఉంది. ఒక చెయ్యి విరిగిన కుర్చీ, విరిగిన చేత్తోనే ఉంది. కిటికీ పక్క ఫ్యాను కూడా ఉంది. గదిలో అది నేను చేరినప్పటి నుంచి తిరగలేదు. కంప్యూటర్లో తిరుగుతుంది. బాగు చేయించమని ఎవరో అడిగితే సారు కంప్యూటర్ చూపించి "తిరుగుతోంది కదా" అన్నారని చెప్పుకుంటారు. నిజమో కాదో నాకు తెలియదు.

పిల్లలు ఆయన్ని సున్నా సారు అంటారు. రికార్డులో మూడు గడులుంటాయి. రోబో సిమ్యులేషన్‌లో ఎటు పోయింది, గదిలో ఎటు పోయింది, తేడా ఎంత. మూడో గడిలో సున్నా ఉండాలి. బీరువాలో ఎనిమిదేళ్ల రికార్డులున్నాయి. చేరిన వారంలో పని లేక అన్నీ తిరగేశాను. అన్నింట్లోనూ సున్నాలే. కొందరు గుండ్రంగా రాశారు, కొందరు కోడిగుడ్డులా రాశారు. అంతే తేడా.

నేను ఆ ల్యాబులో పాఠం చెప్పడానికి ఆరు నెలల పరీక్షా కాలం మీద చేరాను. ఆరు నెలలయ్యాక ఫారం మీద మూడు సంతకాలుంటే ఉద్యోగం ఖాయం. లేకపోతే నెలాఖరున నమస్కారం. రెండు సంతకాలు అయిపోయాయి. మూడోది సున్నా సారుది. ఆ ఫారాన్ని మడత పడకుండా అట్ట ముక్క మధ్య పెట్టి సంచిలో మోసుకు తిరిగేదాన్ని. దీనికి ముందు నేను జిరాక్స్ షాపులో చేశాను. అక్కడ నా పని కాలేజీ పిల్లల రికార్డులకు అట్టలు వేయడం. లోపల ఏముందో చూడకుండా అందంగా అట్ట వేయడం వచ్చు నాకు. మళ్లీ ఆ పనికే వెళ్లాలని లేదు.

ఉండేది పిన్ని వాళ్లింట్లో. బాబాయ్ తాపీమేస్త్రీ. పిన్ని వీధిలో అందరికీ చెప్పేసింది.

"మా అమ్మాయి రోబోలకు పాఠాలు చెప్తుంది."

"రోబోలకు కాదు పిన్నీ, పిల్లలకు."

"ఎవరికైతేనేంలేవే. వింటున్నారా లేదా?"

నేను సంచి తగిలించుకుని బయలుదేరాను.

మొదటి సెక్షన్ నాది. పద్దెనిమిది మంది, ఆరు రోబోలు. రెండో సెక్షన్ సున్నా సారుదే. నా సెక్షన్‌లో ఒకమ్మాయిని అందరూ లాయరు అంటారు. ఎదుటివాళ్లు మాట పూర్తి చేసేలోపు అందులో తప్పు పట్టుకుంటుంది. అసలు రోబోలు బయటికి తీసిన మొదటి రోజు ఆ పిల్ల నా బల్ల మీద ఒక అగ్గిపెట్టె పెట్టింది.

"ఇదేంటి?"

"ల్యాబు ఆస్తి మేడం. సీనియర్లు వెళ్తూ వెళ్తూ ఇచ్చారు. వాళ్లకి వాళ్ల సీనియర్లు ఇచ్చారట."

తెరిచాను. లోపల రబ్బరు బ్యాండ్లున్నాయి.

"ఎడమ చక్రానికి రెండు చుట్లు," అంది లాయరు. "ఇంకేం అడగొద్దన్నారు. పరీక్ష అయ్యాక తీసి అగ్గిపెట్టెలో పెట్టేయాలి. సున్నా సారుకి చెప్పకూడదు."

"వేయకపోతే ఏమవుతుంది?"

"అది అడగొద్దన్నారు కదా మేడం."

మా ఊరి బళ్లో ల్యాబు లేదు. అబద్ధం రాయడానికి రికార్డు కూడా లేదు. సైన్సు మాస్టారు ఒక బకెట్టు, ఒక తాడు, ఒక అద్దం ముక్క తెచ్చేవారు. ఏం చూశారో అది రాయండి అనేవారు. ఒకసారి నేను 'ఏమీ జరగలేదు' అని రాస్తే పదికి పది వేశారు. ఆ రోజు నిజంగానే ఏమీ జరగలేదు. అందుకని నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

"వేయకుండా నడిపి చూద్దాం," అన్నాను.

నడిపారు. రోబో గుమ్మం దగ్గర బయలుదేరింది. సగం దూరం వెళ్లేసరికి పక్కింటివాళ్లు పిలిచినట్టు కొంచెం కొంచెంగా ఎడమకు జరిగింది. కిటికీ కిందకు చేరేసరికి ఎర్ర టేపు మధ్య గీతకు పదకొండు సెంటీమీటర్లు ఎడమగా ఆగింది. రెండో రోబో కూడా పదకొండే. మూడోది పన్నెండు. చక్రాలు మార్చారు, మోటార్లు మార్చారు, బ్యాటరీ మార్చారు. ఒక జట్టువాళ్లు విసుగొచ్చి జట్టు సభ్యుణ్నే మార్చారు. పదకొండు.

"మరి రికార్డులో ఏం రాయాలి మేడం?" అన్నారు.

"ఏం చూశారు?"

"పదకొండు."

"అయితే పదకొండు రాయండి."

పద్దెనిమిది మందీ నా వైపు జాలిగా చూశారు. తర్వాత రాశారు.

ఎందుకు జరుగుతోందో మాత్రం నాకు తెలియలేదు. రెండు వారాలు ఆ నేలనే చూస్తూ కూర్చున్నాను. నునుపుగా, శుభ్రంగా, ఏ పాపం ఎరగనట్టు ఉంది. ఒక రోజు నేను తొందరగా వచ్చేసరికి ఆయా అక్క గదిలో తడిబట్ట పెడుతోంది. ఆమెకు యాభై దాటాయి. అందరికీ అక్కే, సున్నా సారుకి కూడా. బకెట్టులో మిగిలిన నీళ్లు కుడి గోడ పక్కన ఒక్కసారి ఒంపేసి, చీపురు గోడకు ఆనించి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. నీళ్లు తమంతట తామే గదిని అడ్డంగా దాటి ఎడమ గోడ దగ్గరికి వెళ్లి అక్కడ చేరాయి. అక్క తాపీగా అటు నడిచి వాటిని బట్టతో ఎత్తుకుంది.

"అక్కా, రోజూ ఇలాగేనా?"

"ఎలాగ?"

"నీళ్లు వాటంతటవే అటు పోతున్నాయి."

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు కదమ్మా. రెండోది నాకు తెలీదు గానీ మొదటిది రోజూ చూస్తూనే ఉన్నా."

"ఇన్నేళ్లలో ఎవరికైనా చెప్పావా?"

"ఎవరైనా అడిగారా?"

ఆ ఆదివారం పొద్దున బాబాయ్ పెరట్లో తాపీ కడుక్కుంటుంటే అడిగాను. మా కాలేజీలో ఫలానా గది, తొమ్మిది ఊచల కిటికీ, ఎడమ గోడ కింద ఒక రాయి మాత్రం రంగు వేరుగా ఉంటుంది, అని చెప్పాను. ఆ నేల ఎవరు వేశారో కనుక్కోవచ్చా అన్నాను.

"కనుక్కోవడమెందుకు, నేనే వేశా," అన్నాడు బాబాయ్. "అప్పుడది హాస్టలు. ఏం, పగిలిందా?"

"పగల్లేదు. రోబో నడుస్తుంటే పక్కకి పోతోంది. నేల వంకరగా ఉందేమోనని."

బాబాయ్ తాపీ కింద పెట్టాడు. లోపల ఉన్న పిన్ని కూడా బయటికొచ్చింది. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు.

"ముప్పయ్యేళ్లలో నేను వంకర నేల వేయలేదు," అన్నాడు. "మీ బొమ్మకి నడవడం రాక నా నేలకి వంక పెడుతున్నారా? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది."

"నీళ్లు ఎడమకి పోతున్నాయి బాబాయ్. కళ్లారా చూశాను."

"పోవా మరి? పోవాలనే కదా వేసింది. అది హాస్టలు పిల్లలు కంచాలు కడుక్కునే గది. వందకి ఒకటి వాటం పెట్టా. మీటరు వెడల్పుకి సెంటీమీటరు పల్లం. ఆ రంగు వేరే రాయి ఉందే, దాని కింద తూము ఉంటుంది. తర్వాత ఎవడో మూసుంటాడు. వంకర వేరు, వాటం వేరు. వంకరంటే చేతకాక వచ్చేది. వాటమంటే తెలిసి పెట్టేది."

"ఇప్పుడక్కడ కంచాలు కడగడం లేదు."

"అయితే నా నేల సరిగ్గానే ఉంది. మీ గదే తప్పు."

సోమవారం ఈ సంగతి పిల్లలకు చెప్పాను. వాళ్ల ముఖాలు వెలిగాయి. ఇంజనీరింగులో చేరాక వాళ్లకు ఒక విషయానికి కారణం తెలియడం అదే మొదటిసారట. లాయరు అలా అంది.

సిమ్యులేషన్‌లో నేలను వంచి చూద్దామన్నారు. సారు తయారుచేసిన గదికి పాస్‌వర్డ్ ఉంది. అందులో గోళీ కూడా కదపడానికి వీల్లేదు. అందుకని పిల్లలు దాన్ని చూసి ఇంకో గది తయారుచేసుకున్నారు. ఊచలు, నోటీసు బోర్డు జోలికి పోలేదు. నాలుగు గోడలు, ఒక నేల. నేలకు వందకి ఒకటి వాటం. ఆ ఫైలుకి 'అక్క' అని పేరు పెట్టారు. అందులో రోబోని వదిలితే పదిన్నర సెంటీమీటర్లు ఎడమకు పోయింది. అసలుది పదకొండు.

వెనక బెంచీలో ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత సిగ్గుపడి ఆపారు.

అక్కడితో ఊరుకోవచ్చు. లాయరు ఊరుకోలేదు. కంప్యూటర్లో రోబోని వెనక్కి తిప్పి, కిటికీ దగ్గర నుంచి గుమ్మం వైపు వదిలింది. ఇప్పుడు పల్లం దానికి కుడి పక్కన ఉంటుంది కాబట్టి కుడికి పోయింది. నిజం గదిలో అలా ఎవరూ నడపలేదు. నేల మీద గీసిన బాణం గుర్తు గుమ్మం నుంచి కిటికీ వైపే ఉంది, ఎనిమిదేళ్లుగా అందరూ అటే నడుపుతున్నారు. నేనూ నడపనివ్వలేదు. నిబంధన నిబంధనే. పద్దెనిమిది మందీ రికార్డు చివర ఒక వాక్యం మాత్రం రాసుకున్నారు: 'కిటికీ నుంచి గుమ్మం వైపు నడిపితే సుమారు పదకొండు సెంటీమీటర్లు కుడికి పోవాలి. ఇది మేము చూడలేదు.'

రికార్డులు సంతకానికి సున్నా సారు బల్ల మీద పెట్టాను. పక్కనే నా ఫారం కూడా పెట్టాను. రెండు పనులూ ఒకేసారి అవుతాయని ఆశ.

ఆయన మొదటి రికార్డు తెరిచారు. మూడో గడి చూశారు. రెండోది తెరిచారు. మూడోది. పద్దెనిమిదీ చూసి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ మొదటిది తెరిచారు.

"ఏంటమ్మా ఇది?"

"పదకొండు సార్."

"అది కనపడుతోంది. నా రెండో సెక్షన్‌లో సున్నా వస్తుంది. పోయినేడు సున్నా. అంతకుముందు సున్నా. నీ దగ్గరికొచ్చేసరికి పదకొండా?"

"నేలకి వాటం ఉంది సార్. అది వేసిన మేస్త్రీ చెప్పారు."

"ఈ గదిని నేను కొలిచాను."

నిజమే. పొడవు, వెడల్పు, ఎత్తు, ఊచల మధ్య సందు, అన్నీ కొలిచారు. నేల నేలే కదా అనుకున్నారు. నేను ఆ మాట అనలేదు. ఆయనా అనలేదు. గొంతు పెంచే మనిషి కాదు. అందుకే ఆయన మాట గట్టిగా తగులుతుంది.

"శుక్రవారం బయటి నుంచి ఎగ్జామినర్ వస్తున్నారు. అప్పటికి ఈ పద్దెనిమిదీ సరిచేసి పెట్టు. నీ ఫారం మీద అప్పుడు సంతకం పెడతాను," అన్నారు. ఫారాన్ని మడత పడకుండా అట్ట ముక్కలో పెట్టి నాకే తిరిగిచ్చారు.

రికార్డులు మోసుకుని క్లాసుకు వచ్చాను. సంగతి చెప్పాను, ఫారం సంగతి తప్ప. అది వాళ్లకు ముందే తెలుసు. కాలేజీలో ఏదీ దాగదు.

లాయరు లేచి నిలబడింది. ఈసారి వాదించలేదు. "మీరు మార్చమంటే మార్చేస్తాం మేడం. తెల్లసిరా ఉంది. పావుగంట పని. ఒక్క మాట చెప్పండి చాలు."

పద్దెనిమిది మంది నా నోటి వైపు చూస్తున్నారు. ఆ ఒక్క మాట నాకు నోట్లోకి వచ్చింది. నాలుక దాకా వచ్చి అక్కడే కూర్చుంది. మింగనూ లేదు, కక్కనూ లేదు. గంట కొట్టే దాకా అలాగే నిలబడ్డాను. పిల్లలు లేచి వెళ్లిపోయారు. రికార్డుల్లో పదకొండు పదకొండుగానే ఉండిపోయింది. దాన్ని ధైర్యం అనడానికి వీల్లేదు. నాకు మాట ఆలస్యం, అంతే.

ఇంటికెళ్లి జిరాక్స్ షాపులో నా స్టూలు ఇంకా ఖాళీగానే ఉందా అని పిన్ని చేత వాకబు చేయించాను.

"ఏమే, రోబోలు మాట వినడం లేదా?" అంది పిన్ని.

"అవే వింటున్నాయి పిన్నీ."

శుక్రవారం ఎగ్జామినర్ వచ్చారు. పెద్దాయన, మోకాళ్ల నొప్పి. మెట్లెక్కి వచ్చి గుమ్మంలో కాసేపు ఆయాసం తీర్చుకున్నారు. ఏటా ఎగ్జామినర్ కుర్చీ కిటికీ దగ్గర వేస్తారు, రోబో వచ్చి ఆగేది అక్కడే కాబట్టి. ఆ రోజు అక్క దాన్ని గుమ్మం దగ్గర, ఎర్ర టేపును ఆనుకుని ఎడమ గోడ వైపు వేసింది. అక్కడ ఫ్యాను తిరుగుతుంది. ఆయన కూర్చున్నారు, బూట్లు ముందుకు చాపుకున్నారు.

మొదట రెండో సెక్షన్. మొదటి జట్టు రోబోని తెచ్చి ఆయన కాళ్ల దగ్గర, టేపు మీద పెట్టబోయింది.

"ఇక్కడి నుంచి అటు పోతే నేను లేచి అక్కడికి రావాలి కదయ్యా," అన్నారు ఎగ్జామినర్. "నా వల్ల కాదు. దాన్నే నా దగ్గరికి రమ్మనండి."

సున్నా సారు ఒక్క క్షణం బాణం గుర్తు వైపు చూశారు. తర్వాత తల ఊపారు. తిన్నగా పోయేది ఎటు నుంచైనా తిన్నగానే పోతుంది. ఆయన దృష్టిలో అందులో ఇబ్బందేమీ లేదు.

నా పక్కన లాయరు చటుక్కున తలెత్తింది. రెండో సెక్షన్ రోబోలన్నిటికీ ఎడమ చక్రానికి రెండు చుట్లు ఉన్నాయి. ఆ చుట్లతో ఎడమ చక్రం లావెక్కి, రోబోని కుడికి లాగుతుంది. గుమ్మం నుంచి కిటికీకి పోతున్నప్పుడు పల్లం ఎడమకు లాగుతుంది, బ్యాండు కుడికి లాగుతుంది, రెండూ కొట్టుకుని రోబో మధ్యలో తిన్నగా పోతుంది. వెనక్కి వస్తున్నప్పుడు పల్లమూ కుడికే, బ్యాండూ కుడికే.

మొదటి రోబో కిటికీ దగ్గర బయలుదేరింది. పెళ్లివారింటికి బయలుదేరి దారిలో మనసు మార్చుకున్న చుట్టంలా కుడికి తిరుగుతూ తిరుగుతూ వచ్చి ఎగ్జామినర్ గారి బూటుకు గుద్దుకుని ఆగింది. ఆయన వంగి చూసి, "ఇరవై రెండు," అన్నారు.

"ఇంకోసారి," అన్నారు సున్నా సారు.

ఇంకోసారీ బూటే. రెండో జట్టు రోబో వచ్చేసరికి ఎగ్జామినర్ బూటు ముందే పైకెత్తి పెట్టుకున్నారు. అది కింద నుంచి వెళ్లి కుర్చీ కాలును గుద్దుకుంది. మూడో జట్టుకి ఇరవై మూడు.

నాలుగో జట్టు తెలివైనది. అందరూ కుర్చీ వైపు చూస్తున్నప్పుడు కిటికీ కింద చతికిలబడి బ్యాండును ఎడమ చక్రం నుంచి తీసి కుడి చక్రానికి వేశారు. వాళ్ల రోబో తిన్నగా వచ్చి టేపు మీద ఆగింది. సున్నా సారు ముఖంలోకి రక్తం వచ్చింది. ఎగ్జామినర్ రోబోని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

"ఈ రబ్బరు బ్యాండేంటి?"

జట్టు నాయకుడు నీళ్లు నమిలాడు. "సంప్రదాయం సార్."

సున్నా సారు ముందుకొచ్చి ఆ బ్యాండును చక్రం నుంచి ఊడదీశారు. వేళ్ల మధ్య సాగదీసి చూశారు. ఆయన దాన్ని చూడటం అదే మొదటిసారని అందరికీ అర్థమైంది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నారు.

"మాకు తెలిసి ఆరు బ్యాచీల నుంచి సార్. అంతకుముందు సంగతి అగ్గిపెట్టెకే తెలియాలి."

తర్వాత నా సెక్షన్. లాయరు రోబోని తీసుకెళ్లే ముందు రికార్డు తెచ్చి, చివరి పేజీ తెరిచి, ఎగ్జామినర్ గారి ఒళ్లో పెట్టింది. ఆయన కళ్లజోడు సర్దుకుని పైకి చదివారు.

"కిటికీ నుంచి గుమ్మం వైపు నడిపితే సుమారు పదకొండు సెంటీమీటర్లు కుడికి పోవాలి. ఇది మేము చూడలేదు." ఆగి, "చూడకుండా ఎలా రాశావమ్మా?" అన్నారు.

"చూడలేదని కూడా రాశాం కదా సార్," అంది లాయరు.

సుద్దముక్కతో టేపు మధ్య గీతకు కుడి పక్కన పదకొండు సెంటీమీటర్ల దగ్గర ఒక అడ్డగీత గీసింది. వెళ్లి రోబోని వదిలింది. చక్రాలకు ఏమీ లేవు. అది దాని దారిన అది వచ్చి ఆ గీత మీద ఆగింది. రెండో జట్టుది పదకొండు. మూడోది పన్నెండు.

సున్నా సారు లాయరు చేతిలోంచి సుద్దముక్క అడిగి తీసుకున్నారు. ఇస్త్రీ ప్యాంటుతో నేల మీద మోకాళ్లు ఆన్చి, గది మధ్యలో దాన్ని అడ్డంగా పడుకోబెట్టి వదిలేశారు. సుద్దముక్క కాసేపు ఆలోచించింది. తర్వాత మెల్లగా దొర్లుకుంటూ పోయి ఎడమ గోడ దగ్గర రంగు వేరే రాయి మీద ఆగింది. ఆయన చాలాసేపు లేవలేదు. సాయం పట్టాలా వద్దా అని ఎవరికీ తేలలేదు. చివరికి అక్క వెళ్లి చెయ్యి అందించింది.

ఎగ్జామినర్ నా పద్దెనిమిది మందినీ పాస్ చేశారు. రెండో సెక్షన్‌కి వారం గడువిచ్చి, చూసింది రాసుకురమ్మన్నారు. వెళ్తూ వెళ్తూ కుర్చీ మంచి చోట వేశావని అక్కను మెచ్చుకున్నారు.

"అక్కా, కావాలనే అక్కడ వేశావా?" అని తర్వాత అడిగాను.

"ఫ్యాను అక్కడుందమ్మా," అంది అక్క.

సున్నా సారు మాత్రం నాతో ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్లిపోయారు. నెలాఖరుకి ఇంకా రెండు పనిరోజులున్నాయి. ఫారం సంచిలోనే ఉంది. ఒక మనిషి ఎనిమిదేళ్లు కట్టుకున్న గదిని రెండు సెక్షన్ల ముందు వంచేశాక, వెళ్లి దీని మీద సంతకం పెట్టండి అనడం ఎలాగో నాకు తెలియలేదు.

సోమవారం ఉదయం ఆయనే పిలిచారు. బల్ల మీద మా రికార్డు తెరిచి ఉంది.

"ఇక్కడ 'నేల వేసిన మేస్త్రీ చెప్పిన ప్రకారం' అని రాశారు. ఎవరాయన?"

"మా బాబాయ్ సార్."

"వస్తారా?"

మధ్యాహ్నం బాబాయ్ ఉతికిన చొక్కా వేసుకుని, నీళ్లు నింపిన ప్లాస్టిక్ ట్యూబు చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. మేస్త్రీలు ఎత్తుపల్లాలు చూసేది దానితోనే. రెండు కొసలు రెండు గోడల దగ్గర పట్టుకుంటే రెండు పక్కలా నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి. నేలే చెప్పేస్తుంది తనెంత దిగిందో.

"సరిచేయనా సార్?" అన్నాడు బాబాయ్. "సిమెంటు పోసి లెవెల్ చేస్తే రెండు రోజుల పని. కానీ తర్వాత గది కడిగితే నీళ్లెక్కడికి పోతాయో నన్నడగొద్దు."

"వద్దు," అన్నారు సారు. "కొలిచి చెప్పు చాలు."

ఒక కొస బాబాయ్ పట్టుకున్నాడు, రెండో కొస సారు పట్టుకున్నారు. నేను రాసుకున్నాను. నాలుగు చోట్ల కొలిచారు. వందకి ఒకటి. ఒక్క చోట మాత్రం వందకి ఒకటీ పావు.

"అక్కడ ఆ రోజు నాకు జ్వరం," అన్నాడు బాబాయ్.

సారు కంప్యూటర్ ముందు కూర్చుని మా ఇద్దరినీ అటు తిరగమన్నారు. తిరిగాం. పాస్‌వర్డ్ కొట్టిన చప్పుడు వినపడింది. మళ్లీ ఇటు తిరిగేసరికి ఆయన నేలకు అంకెలు ఎక్కిస్తున్నారు. జ్వరం వచ్చిన చోటుతో సహా. తర్వాత రోబోని వదిలారు. తొమ్మిది ఊచల కిటికీ వైపు, తిరిగే ఫ్యాను కింద, అది కొంచెం కొంచెంగా ఎడమకు జరిగి ఆగింది. తెర మీద అంకె వచ్చింది. పదకొండు.

"గదిలో ఎంత?" అన్నారు సారు, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

"పదకొండు సార్."

"తేడా?"

"సున్నా సార్."

ఆయన తల ఊపారు. తర్వాత నా వైపు చెయ్యి చాపారు. ఎందుకో అర్థం కావడానికి నాకు కొంత సమయం పట్టింది. సంచిలోంచి ఫారం తీసి, అట్ట ముక్క తీసేసి ఇచ్చాను. ఆయన జేబులోంచి కలం తీసి, పేరు చదివి, తేదీ వేసి, సంతకం చేసే గడి మీదికి కలం తెచ్చారు.

అప్పుడు బాబాయ్ ఒక కన్ను మూసుకుని గది మూల వైపు చూస్తూ అన్నాడు.

"ఇంకో మాట సార్. నేల నేను వేసిందే, దానికి నాది పూచీ. గోడలు మాత్రం నేను కట్టలేదు."

కలం ఆగిపోయింది.

"గోడలకేమైంది?" అన్నారు సారు.

బాబాయ్ నోరు తెరిచాడు. ఆరు నెలల్లో ఆ ల్యాబులో సారు అడక్కుండా ఆయన ముందు నేను మాట్లాడింది లేదు. ఎందుకో ఈసారి మాట ఆలస్యం కాలేదు.

"సంతకం అయ్యాక చెప్పు బాబాయ్."

సారు తలెత్తి నన్ను చూశారు. బాబాయ్‌ని చూశారు. ఇద్దరి పోలికలూ వెతుకుతున్నట్టు అనిపించింది. తర్వాత తల దించి సంతకం పెట్టారు. పొడుగు సంతకం. కింద గీత కూడా గీశారు. ఫారం నా చేతికిచ్చి, కుర్చీ బాబాయ్ వైపు తిప్పుకున్నారు.

"ఇప్పుడు చెప్పు మేస్త్రీ."

"ఆ మూల నిలువుగా లేదు సార్. పైకి పోయేకొద్దీ బయటికి వాలింది. ఎవడు కట్టాడో గానీ వాడికి రోజూ జ్వరమే."

సారు కంప్యూటర్ వైపు తిరిగి మళ్లీ పాస్‌వర్డ్ కొట్టడం మొదలుపెట్టారు. ఈసారి మమ్మల్ని అటు తిరగమనలేదు.